జవాబు చరణం

"మెడ దగ్గర ఈకలు ఇంకా ఉన్నాయి చూడు. పటం ముందు పెట్టే కోడి, నలుగురూ చూసేది" అని వంటింటి గుమ్మంలోంచే చెప్పి, ఖ్వాత్ అటునుంచి అటే ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

ఆయన కారు దిగి ఐదు నిమిషాలైంది. ఆయన భార్య న్యాన్ తెల్లవారి మొదటి బస్సుకే బాక్ నిన్ పట్నం నుంచి వచ్చి, మూడు కోళ్ళు శుభ్రం చేసి, జిగురన్నం ఆవిరికి పెట్టి, వెదురు చిగుళ్ళు నీళ్ళు మార్చి మార్చి ఉడికించి, ఇప్పుడే తమలపాకుల ముందు కూర్చుంది. ఐదు నిమిషాల మనిషికి మెడ దగ్గరి ఈకలు కనపడ్డాయి. కనపడతాయి మరి. డెబ్బై ఆరేళ్ళొచ్చినా ఆయనకి కళ్ళజోడు లేదు.

నిజానికి ఈ ఇంటికి ఇద్దరూ పిలిచిన చుట్టాలే. ఏటా రెండో నెల పన్నెండున దియెమ్ తద్దినానికి పిలుపొస్తుంది, "ఖ్వాత్ గారికి, వారి శ్రీమతికి" అని. అందులో ఖ్వాత్ గారు ముందుగదిలో చాప మీద టీ తాగుతారు. వారి శ్రీమతి వంటింట్లో చాకు పట్టుకుంటుంది. ఎవరూ ఆమెని వంటింట్లోకి రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. మొదటి ఏడు మర్యాదకి ఒక ఉల్లిపాయ తరిగింది. ఆ ఉల్లిపాయ నలభై ఏళ్ళకి పైగా తరుగుతూనే ఉంది. న్యాన్ అంటే వాళ్ళ భాషలో తీరిక. పేరు పెట్టిన నాన్న మంచివాడే, పాపం, ఆశపడ్డాడు.

ఈ ఇల్లు దియెమ్ చెల్లెలు లియూది. డెబ్బై ఏళ్ళది, పెళ్ళి చేసుకోలేదు. అమ్మనీ నాన్ననీ సాగనంపి, అన్న పటం ముందు అగరొత్తులు ఆరకుండా చూసుకుంటూ ఉండిపోయింది. ఆ పటంలో దియెమ్‌కి ఇరవై మూడేళ్ళు. పటం పక్కనే అద్దం కట్టిన, యుద్ధం నాటి పాత పత్రిక ముక్క ఒకటి ఉంది. దాని మీద రాసిన ఖ్వాత్ పేరుంది, పాట విని పోయిన సైనికుడు దియెమ్ పేరుంది. పాడిన మనిషి పేరు మాత్రం "బృందంలోని ఒక యువతి" అని ఉంది.

ఆ యువతి ఇప్పుడు ఆకులకి సున్నం రాస్తోంది.

"అక్కా, నువ్వు చుట్టినట్టు ఈ ఊళ్ళో ఎవరికీ రాదు" అంది లియూ, పొయ్యి దగ్గర నుంచి. న్యాన్ కంటే రెండేళ్ళు పెద్దదైనా ఆమె న్యాన్‌ని అక్కా అనే పిలుస్తుంది. న్యాన్ కూడా ఆమెని అక్కా అనే అంటుంది. లియూది లా గ్రామం, న్యాన్ పుట్టింది ఏటికవతల దోన్ గ్రామం. ఎన్ని తరాల కిందటో ఈ రెండు ఊళ్ళూ పాటల మీద ఒట్టేసుకుని జత కట్టాయి. జత ఊళ్ళ మధ్య పెళ్ళిళ్ళు కుదరవు. ఎవరి వయసెంతైనా అవతలి ఊరివాళ్ళు అన్నయ్యలు, అక్కయ్యలే. పండక్కి మగవాళ్ళు పడవల్లో వచ్చి ఒక పాట పాడితే, ఆడవాళ్ళు ఇద్దరిద్దరు జతగా కూర్చుని అదే వరసలో, ఆ మాటలకి సరిపోయే మాటలతో జవాబు పాడాలి. పాడలేకపోతే ఊరి పరువు పోతుంది. కానీ పోనివ్వరు. జవాబు రాకపోతే పాడినవాళ్ళే లేచి, "మా గొంతు బాగాలేదు, అక్కయ్యలు మన్నించాలి" అని తప్పు తమ మీద వేసుకుంటారు. అక్కడివాళ్ళకి అది మర్యాద. విన్నవాళ్ళకి మాత్రం చెంపదెబ్బ కంటే గట్టిగా తగులుతుంది.

"అక్కా, ఈసారి నీకో మాట చెప్పాలి" అంది లియూ, మూత తీసి అన్నం చూస్తూ. "రేపు రాయి చెక్కే మనిషి వస్తున్నాడు. దియెమ్ సమాధికి."

"సమాధిలో..." అని న్యాన్ ఆగిపోయింది.

"ఏముంది, ఏమీ లేదు. వాడి చొక్కా ఒకటి పెట్టాం. ఎముకలు దొరుకుతాయని ఇన్నాళ్ళు చూశాను. ఇంక నా ఎముకల సంగతి చూసుకోవాలి కదా" అని లియూ నవ్వింది. "రాయి మీద రెండు చరణాలు చెక్కిస్తున్నా. చివర్లో వాడు నిన్ను అడిగి పాడించుకున్న పాటే. ఆ ఫిరంగి పాట."

న్యాన్ చేతిలో ఆకు చిరిగింది. ఇంకోటి తీసుకుంది.

"నిజం చెప్పనా? నాకా పాటంటే పడదు" అంది లియూ గొంతు తగ్గించి. "ఏటా నువ్వు పాడుతుంటే వంటింట్లో కూర్చుని చెవులు మూసుకోవాలనిపిస్తుంది. నీ గొంతు గురించి కాదే తల్లీ. వాడు మా ఊళ్ళో మొదటి గొంతు. వరసలు నాకు నేర్పింది వాడే, నీళ్ళు తోడుతూ, గిలకతో పాటు. అలాంటివాడు పోతూ పోతూ మన పాట ఒక్కటి తలుచుకోలేదు. కొత్తమాటల పాట కావాలన్నాడు. పేపరు చదివిన రోజున మా అమ్మ ఏడ్చింది, నేను ఏడవలేదు. నాకు కోపమొచ్చింది. ఆ రోజు నుంచి నేను పాడలేదు. జతలో కూర్చోలేదు. చచ్చిపోయినవాడి మీద కోపమేంటి అని నన్ను నేనే తిట్టుకుంటా. అయినా పోదు. పోనీలే, వాడికి నచ్చింది కదా, చెక్కిద్దాం. నాకు నచ్చితేనేం, నచ్చకపోతేనేం."

చెప్పాల్సింది అప్పుడే. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, ఇద్దరే ఉన్నారు. న్యాన్ నోరు తెరిచింది. "వక్కలు సరిపోతాయా?" అని అడిగింది.

తర్వాత ఆ ప్రశ్న తలుచుకుని ఆమె సిగ్గుపడింది. కానీ ఆమెకి సిగ్గు కొత్తేం కాదు. ఇంట్లో ఒక పాత కుర్చీ ఉన్నట్టు ఆమెలో అది ఉండిపోయింది. రోజూ తుడుస్తుంది, ఎవర్నీ అందులో కూర్చోనివ్వదు.

యుద్ధం నడుస్తున్న ఆ ఏడు ఆమెకి పంతొమ్మిది. బృందానికి నాయకుడు ఖ్వాత్. పాతికమంది ఆడపిల్లలు, ఇద్దరు వేణువులవాళ్ళు, ఒక డోలు, అడవి దారుల్లో నడిచి నడిచి, ఆగినచోటల్లా పాడేవాళ్ళు. బాంబులు వేసిన గుంతల్ని పూడ్చే పిల్లల దగ్గర, ఫిరంగుల దగ్గర, గుహల్లోని ఆసుపత్రుల దగ్గర. ఊరి వరసల్ని తీసుకుని ఖ్వాత్ కొత్త మాటలు కట్టేవాడు. పడవ ఉన్నచోట ఫిరంగి, రేవు ఉన్నచోట కందకం, ప్రియుడు ఉన్నచోట దేశం. ఆ పాటలు అబద్ధాలని న్యాన్ అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోదు. వాటిని విని తట్ట ఎత్తలేని పిల్ల తట్ట ఎత్తడం ఆమె కళ్ళారా చూసింది. పాట మనిషిని నిలబెడుతుంది. అందుకే కదా ఈ సిగ్గంతా. నిలబెట్టగలిగిన పాట తన దగ్గర ఉండగా ఇంకోటి పాడింది.

గుహలో మధ్యాహ్నం కూడా లాంతరే. మూడో మంచం మీద అతను. రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు, కట్ల కింద ఏం మిగిలిందో డాక్టరుకే తెలుసు. ఆమె మొదటి పాట అవ్వగానే అతను కళ్ళు తెరిచి, "దోన్ అక్కయ్యా" అన్నాడు. ఆమె గుర్తుపట్టింది. పదహారో ఏట పండగలో ఎదుటి పడవలో నిలబడి పాడింది అతనే. అప్పుడు ఆమె జత పిల్లతో కలిసి ఆరు పాటలకి జవాబిచ్చింది. ఏడోదానికి పొద్దుపోయింది.

అతను పాడటం మొదలుపెట్టాడు. గొంతు లేదు, ఊపిరే. వీడ్కోలు వరస.

పడవ తాడు విప్పకండి అక్కయ్యా, ఏరు ఇంకా నిండలేదు.

అంతవరకే పాడి ఆగాడు. ఆగి ఆమెకేసి చూశాడు. జవాబు ఆమె నాలిక మీదే ఉంది. చిన్నప్పుడు అమ్మమ్మ తలదువ్వుతూ నేర్పింది. తాడు విప్పినా గెడ మీ రేవులోనే పాతేశాం అన్నయ్యా, ఏరు నిండగానే వస్తాం. ఇంతే. నాలుగు ఊపిర్లు పట్టే పాట.

వెనకనుంచి ఖ్వాత్ మెల్లగా అడిగాడు. "ఏంటి, తెలిసినవాడా? అలా చూస్తున్నావ్?"

ఆ ఒక్క మాటకి ఆమె భయపడింది. బృందంలో ఒక పిల్ల ఎవరో సైనికుడికి ఉత్తరం రాసిందని రెండు రోజులు అందరి ముందూ నిలబెట్టి తప్పు ఒప్పించారు. తన పేరు కూడా అలా నలుగురి నోళ్ళలో పడుతుందా? "తెలీదు" అంది. "అయితే ఏడుపు పాటలొద్దు ఇక్కడ. మన మాటలతో పాడు" అన్నాడు ఖ్వాత్.

పాడింది. వరస అదే, మాటలు వేరు. ఫిరంగి గొట్టం ఎత్తండి అన్నయ్యా, ఆకాశం ఇంకా తేరలేదు. గట్టిగా, బాగా పాడింది. గుహ మారుమోగింది. మిగతా మంచాలవాళ్ళు మెచ్చుకున్నారు. మూడో మంచం అతను చివరిదాకా విని, ఇంకాసేపు ఆగి, మెల్లగా అన్నాడు. ఏమన్నాడో ఆమె ఒక్కతే విన్నది. అప్పుడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. సాయంత్రానికి పోయాడు.

భయం సంగతి సరే, పంతొమ్మిదేళ్ళ పిల్ల భయపడుతుంది. ఆమె ఎవరికీ చెప్పుకోలేనిది దాని తర్వాతది. ఖ్వాత్ భుజం తట్టి, "ఎంత సమయస్ఫూర్తి! పాత వరసకి కొత్త జవాబు!" అన్నప్పుడు ఆమెకి సంతోషం కలిగింది. అక్కడ, ఆ మంచం పక్కన. బృందమంతా చప్పట్లు కొట్టినప్పుడు, బృందం పేరున ప్రశంసాపత్రం వచ్చినప్పుడు ఇంకా సంతోషం కలిగింది. రెండేళ్ళకి ఆ భుజం తట్టిన మనిషినే పెళ్ళి చేసుకుంది.

పెళ్ళయ్యాక పాట ముందుగదిలో ఆయనది, వంటింట్లో మౌనం ఆమెది. గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తే అత్తగారు, "ఇల్లనుకున్నావా, స్టేజీ అనుకున్నావా?" అనేది. ఖ్వాత్ అయితే తిట్టేవాడు కాదు, నవ్వేవాడు. "నువ్వు పాడావంతే న్యాన్. దాన్ని కథ చేసింది నేను." అది నిజమే. ఈ శీతాకాలంలో ఆయన జ్ఞాపకాల పుస్తకాన్ని మూడుసార్లు శుభ్రంగా తిరగరాసింది ఆమే. ఆయన దస్తూరి ఎవరికీ అర్థం కాదట. మొదటి ప్రతిలో సైనికుడు చిరునవ్వు నవ్వాడు. రెండోదాంట్లో గొంతు కలిపాడు. మూడోదాంట్లో పిడికిలి బిగించి పైకెత్తాడు. ఆ వాక్యం దగ్గర ఆమె కలం ఆపి, "ఏమండీ, అతనికి చేతుల్లేవు కదా" అంది. "చదివేవాళ్ళకి తెలుసా? రాయి" అన్నాడాయన. రాసింది. పిడికిలి అనే మాటని తన చక్కటి గుండ్రటి అక్షరాలతో రాసింది.

"అమ్మగారూ, భోజనాలు పెట్టెయ్యమంటున్నారు" అని పక్కింటి కోడలు వచ్చి చెప్పింది.

ముందుగదిలో మగవాళ్ళు చుట్టూ కూర్చుని తినడానికి రెండు పెద్ద పళ్ళేలు, కింద పెరటి గుమ్మం దగ్గర ఆడవాళ్ళకి ఒకటి. కోడి పటం ముందు మెడ ఎత్తుకుని కూర్చుంది, ఒక్క ఈక లేకుండా. సారా గిన్నెలు రెండుసార్లు తిరిగాక ఖ్వాత్ గొంతు సవరించుకున్నాడు. అందరూ చెంచాలు దించారు. కథ వాళ్ళకి కంఠతా వచ్చు, అయినా వింటారు. బాగా చెప్తాడు మరి.

"...ఆ చీకటి గుహలో ఆ వీరుడు ఏమడిగాడు? అమ్మని అడిగాడా? మంచినీళ్ళు అడిగాడా? లేదు! ఫిరంగి పాట పాడండి అన్నాడు. పాట అయ్యేసరికి పిడికిలి బిగించి ఇలా..." ఖ్వాత్ చెయ్యి పైకి లేపాడు. "రేపు ఆ పాటే రాతి మీదికి ఎక్కుతోంది. ఇంతకంటే ఏం కావాలి? ఏమే న్యాన్, రా రా. చేతులు తుడుచుకుని రా. పాడు."

న్యాన్ నడుముకి కట్టుకున్న వంటగుడ్డకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏటా నిలబడేచోటే, పటానికి పక్కగా నిలబడింది. ఆడవాళ్ళ పళ్ళెం దగ్గర లియూ తల వంచుకుని అన్నం మెతుకులు ఏరుతోంది. చెవులు మూసుకోవాలనిపిస్తుందన్న మనిషి, మర్యాదకి మూసుకోవడం లేదు.

"ఫిరంగి గొట్టం ఎత్తండి..." అని ఎత్తుకుని న్యాన్ ఆగిపోయింది.

"మర్చిపోయావా?" అని ఖ్వాత్ నవ్వి, పక్కాయనతో "వయసు" అన్నాడు.

"దియెమ్ అన్నయ్య ఈ పాట అడగలేదు" అంది న్యాన్.

తన గొంతు ఎంత మామూలుగా ఉందో విని ఆమెకే వింతగా అనిపించింది. ఉప్పు సరిపోలేదు అన్నట్టుంది.

"అతను మన పాటే పాడాడు. వీడ్కోలు వరస. పాత మాటలే. పడవ తాడు విప్పకండి అని. పాడి నా జవాబు కోసం చూశాడు. నాకు జవాబు వచ్చు. నేనివ్వలేదు. ఫిరంగి పాట పాడాను."

"ఏమే, ఒంట్లో బాగాలేదా?" ఖ్వాత్ గొంతులో ఇంకా నవ్వుంది, మొహంలో లేదు. "పొద్దున్నించి పొయ్యి దగ్గరుంది. కళ్ళు తిరిగినట్టుంది. వెళ్ళి టీ పెట్టు, వెళ్ళు. ఆ సంగతులు నాకు తెలుసు, నేను రాశాను."

"మీరు రాశారు. నేను తిరగరాశాను. మూడుసార్లు" అంది న్యాన్. "అతనికి పిడికిలి లేదండీ."

లియూ లేచి వచ్చింది. అన్నం అంటిన వేళ్ళతోనే వచ్చి న్యాన్ ఎదురుగా నిలబడింది. "నేనెలా నమ్మాలి?" అంది. అక్కా అనలేదు. "నాకు నచ్చుతుందని చెప్తున్నావేమో. ఇందాక వంటింట్లో నా బాధ చెప్పుకున్నాను కదా అని జాలిపడుతున్నావేమో."

"నేను పాడటం అయ్యాక అతనో మాటన్నాడు" అంది న్యాన్. ఇంతకాలం ఎవరి ముందూ తియ్యని మాట. "మా గొంతు బాగాలేదు, అక్కయ్య మన్నించాలి, అన్నాడు."

లియూ మొహం చూస్తూ చూస్తూ ఉండగానే మారిపోయింది. ఏ పత్రికవాడూ కల్పించలేని మాట అది. లా ఊరి మగవాడు మాత్రమే, అవతలివాళ్ళకి జవాబు రాలేదని తేలిపోయాక మాత్రమే అనే మాట. ఆమె పటం వైపు తిరిగి, బల్ల అంచు పట్టుకుని, "ఒరే అన్నా, ఒరే అన్నా" అని పెద్దగా ఏడ్చింది. పేపరు చదివిన రోజున ఏడవని ఏడుపు. ఆడవాళ్ళొచ్చి పట్టుకోబోతే విదిలించుకుంది.

"నేనొక్కదాన్నే ఉన్నానక్కా, జత పిల్ల లేదు" అంది న్యాన్. ఇన్నేళ్ళూ తనకి తాను చెప్పుకున్న సాకు అదే. నోటి నుంచి బయటికొచ్చాక అదెంత చిన్నదో తెలిసింది.

"వాడూ ఒక్కడే పాడాడుగా" అంది లియూ, వెనక్కి తిరక్కుండానే.

ఒక్కొక్కరే లేచి చేతులు కడుక్కున్నారు. ఎవరో టీ పోశారు, ఎవరూ తాగలేదు. ఖ్వాత్ వరండాలో చెప్పులు వేసుకుంటూ, "కారు తిప్పుతున్నారు. పద. పరువంతా తీశావు, ఇంటికెళ్ళి మాట్లాడదాం" అన్నాడు పళ్ళ బిగువున. "రాత్రికి అన్నమైనా వండుతావా, అదీ మర్చిపోయావా?"

"కుక్కర్లో బియ్యం పోసే వచ్చాను. మీట నొక్కుకోండి" అంది న్యాన్. "నేను రేపొస్తాను. రాయి చెక్కే మనిషి వచ్చి వెళ్ళాక."

ఆయన ఆమెకేసి చూశాడు. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆమె ఒక్క రాత్రి కూడా ఇంకోచోట ఉంటానని అనలేదు. ఏదో అనబోయి, అవతల కారులో వాళ్ళున్నారని ఊరుకుని వెళ్ళిపోయాడు.

లియూ అద్దం కట్టిన పత్రిక ముక్కని గోడ మీంచి దించి, బోర్లా పెట్టింది. గోడ మీద నలుచదరంగా తెల్లటి మచ్చ మిగిలింది. చాప మీద కూర్చుని, "వాడు పాడిన చరణం మళ్ళీ చెప్పు" అంది. న్యాన్ చెప్పింది. లియూ పక్కింటి కోడలి దగ్గర కలం తీసుకుని, రాయి చెక్కే మనిషికి ఇవ్వడానికి కాగితం మీద రాసుకుంది.

"జవాబు చరణం నాకు గుర్తుందక్కా" అంది న్యాన్. "ఒక్క అక్షరం పోలేదు. అది కూడా రాసుకో. కింద చెక్కిద్దాం. ఇన్నాళ్ళకైనా..."

"వద్దు" అంది లియూ. అరవలేదు. "వాడికి జవాబు రాలేదు కదా. రానిది వచ్చినట్టు రాతి మీద ఎందుకు? మీ ఆయన చేసింది అదేగా. కింద ఖాళీగా వదిలెయ్యమంటాను. చూసినవాళ్ళు చూస్తారు. మన ఊళ్ళవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలుస్తుంది."

న్యాన్ తల ఊపింది. తన జవాబు కోసం వదిలిన ఆ ఖాళీ తను బతికుండగా, తను పోయాక, వానలో ఎండలో అలాగే ఉండిపోతుంది. మొహం కాలిపోయింది. అయినా ఆ కాగితం మీంచి చూపు తిప్పుకోలేదు. పత్రికలో ఒక యువతి. పిలుపులో వారి శ్రీమతి. పుస్తకంలో నా భార్య. ఆమె పేరు ఇంతవరకూ ఎవరూ ఎక్కడా రాయలేదు.

"సరే అక్కా, ఖాళీగానే ఉండనీ" అని ఆమె కలం తీసుకుంది. "ఖాళీ కింద మాత్రం ఇది చెక్కమను."

తన గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చింది. "న్యాన్, దోన్ గ్రామం."